మిక్సింగ్ ముచ్చట్లు: ఖరీదైన ప్లగిన్ కొంటే పాట బాగుపడుతుందా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ శాతం ఒకటే గోల, ప్లగిన్లు, అంటే పాటలోని ట్రాకుల్ని కలిపి సర్దేటప్పుడు, అదే మిక్స్ చేసేటప్పుడు, సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే టూల్స్. ఏది కొనాలి, అంత పెట్టొచ్చా, ఫ్రీవి సరిపోతాయా అని. అందుకే మైకులు, ఇంటర్‌ఫేసుల మీద వచ్చినవన్నీ పక్కన పెట్టి ఈసారి మొత్తం దీనికే ఇచ్చేశా, మిగతావాళ్ళు ఏమనుకోకండి.

ప్రశ్న: అన్నా, రెండేళ్ళ నుంచి ఇంట్లోనే పాటలు రికార్డ్ చేసి నేనే మిక్స్ చేస్తున్నా. నా దగ్గరున్నవన్నీ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన ప్లగిన్లే. ఎంత చేసినా మిక్స్ బురదబురదగా ఉంటది, గొంతు వెనక్కి పోయినట్టు ఉంటది. మా దోస్తు ఒకడు పెద్ద బండిల్ కొన్నాడు, నా పాట మీదనే వాడి కంప్రెసర్ పెట్టి వినిపిస్తే గొంతు ఒక్కసారిగా ముందుకొచ్చి కూర్చుంది. ఏడాది చివర సేల్‌లో అదే కొందామని పైసలు దాస్తున్నా. కొనమంటవా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఇప్పుడే వద్దంటున్నా, ఎప్పటికీ వద్దని కాదు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గా చెప్పాలి, ఓపిక పట్టు.

ముందు మీ దోస్తు చూపించిన మాయ సంగతి. కంప్రెసర్ అంటే గట్టి సౌండ్‌ని నొక్కి మెల్లగా ఉన్నదానికి దగ్గర చేసేది. వాడు దాన్ని ఆన్ చేసినప్పుడూ ఆఫ్ చేసినప్పుడూ సౌండ్ లెవెల్ ఒకేలా ఉందా? ఉండదు, పందెం కాస్తా. చాలా ప్లగిన్లలో ప్రీసెట్ ఎక్కించగానే అవుట్‌పుట్ ఒకటో రెండో డీబీ (సౌండ్ లెవెల్ కొలత) పెరిగిపోతుంది, మన చెవికి అది "లౌడ్‌గా ఉంది" అని తెలీదు, "బాగుంది" అని తెలుస్తుంది. ఇదేం కొత్త సంగతి కాదు, 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి మరీ చూపించారు, వాల్యూమ్ తక్కువున్నప్పుడు మనకి బేస్ సరిగ్గా వినపడదు, పై ఫ్రీక్వెన్సీలు కూడా కొంత తగ్గినట్టే ఉంటాయి, వాల్యూమ్ పెంచితే అవి రెండూ పైకొస్తాయి. అంటే ఊరికే ఫేడర్ పైకి తోసినా సరే పాట నిండుగా, మెరుపుగా అనిపిస్తుంది. మీ వాడి కంప్రెసర్ చేసిన పనిలో ఎంత భాగం ఆ ఫేడర్ పనో ముందు తేల్చుకో. ప్లగిన్ ఆన్ ఉన్నప్పుడు, బైపాస్‌లో (దాన్ని పక్కన పెట్టేసి) ఉన్నప్పుడు లౌడ్‌నెస్ మీటర్‌లో ఒకే అంకె వచ్చేదాకా అవుట్‌పుట్ తగ్గించు, యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఫ్రీగానే దొరుకుతుంది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని బైపాస్ బటన్‌ని లెక్కపెట్టకుండా టకటకా నొక్కి, ఏది ఏదో తెలీని స్థితిలో విను. ఈ ఒక్క పని చేశాక నా కోరికల లిస్టులో ఉన్న ప్లగిన్లలో ముప్పావు వంతు ఎగిరిపోయాయి.

ఇంక ఈక్యూ. ఈక్యూ అంటే బేస్, పై ఫ్రీక్వెన్సీలు లాంటివి విడివిడిగా పెంచి తగ్గించేది, కంప్యూటర్‌కి అది ఉత్త లెక్క. ఫలానా చోట 3 డీబీ తగ్గించు అన్నప్పుడు ఫ్రీ ఈక్యూ అయినా ఖరీదు ఈక్యూ అయినా లోపల జరిగే కూడికలు గుణకారాలు దాదాపు అవే. నమ్మకపోతే నువ్వే చూసుకో. ఒకే ట్రాక్‌ని రెండు కాపీలు చెయ్, ఒకదాని మీద నీ దగ్గరున్న ఈక్యూ, రెండోదాని మీద ఖరీదైనదాని డెమో పెట్టు, రెంటిలో ఒకే కర్వ్ గియ్యి, ఇప్పుడు ఒక ట్రాక్‌కి ఫేజ్ తిప్పే బటన్ నొక్కు, సున్నా మీద అడ్డగీత ఉంటుందే అది. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. దీన్నే నల్ టెస్ట్ అంటారు. నేను మొదటిసారి చేసినప్పుడు సౌండ్ బాగానే మిగిలింది, అదిగో ఖరీదుకి తగ్గ తేడా దొరికిందని ఎగిరి గంతేశా, తీరా చూస్తే కర్వ్ ఎంత వెడల్పో చెప్పే క్యూ అనే అంకె దగ్గర గొడవ, ఒక కంపెనీ వాళ్ళు క్యూ 2 అంటే గీసే వెడల్పు, ఇంకొకళ్ళు క్యూ 2 అంటే గీసే వెడల్పు వేరు. అంకెలు వదిలేసి కర్వ్ ఆకారం కలిపేదాకా ఓ అరగంట పట్టింది, కలిశాక పైన గాలిలా సన్నటి స్‌స్‌ తప్ప ఏం మిగల్లేదు. ఆ మిగిలిన కాస్త ఎందుకంటే 44.1 కిలోహెర్ట్జ్‌లో (సెకండ్‌కి 44,100 సార్లు సౌండ్‌ని కొలిచే రేటు) పనిచేసేటప్పుడు కొన్ని ఈక్యూల కర్వ్ 20 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి నొక్కుకుపోతుంది, కొన్నిట్లో దాన్ని సరిచేసి ఉంటారు. పాటలో అది నీకు గానీ నాకు గానీ పట్టుబడేది కాదు. 1992లో వేవ్స్ కంపెనీ క్యూ10 అనే ఈక్యూ తెచ్చినప్పుడు కంప్యూటర్‌లో పది బ్యాండ్ల ఈక్యూ అంటే అది నిజంగా డబ్బు పెట్టదగ్గ వస్తువే, ఇవాళ అదే పని రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కాకోస్ వాళ్ళ రీఈక్యూ ఊరికే చేసి పెడుతుంది, వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి కూడా విండోస్‌లో రీప్లగ్స్ పేరుతో ఫ్రీగా ఇస్తున్నారు.

కంప్రెసర్ దగ్గర మాత్రం సంగతి కొంచెం మారుతుంది, ఇక్కడ నేను "అన్నీ ఒకటే" అనను. పాత హార్డ్‌వేర్ బాక్సుల్ని నకలు చేసే ప్లగిన్లు ఉంటాయి కదా, ఎల్‌ఏ-2ఏ లాంటివి, దాంట్లో లోపల ఒక వెలిగే పలక, దాని ఎదురుగా వెలుతురుని బట్టి నిరోధం మారే సెల్ ఉంటాయి, సౌండ్ పెరిగితే వెలుగు పెరుగుతుంది, వెలుగు పెరిగితే సౌండ్ తగ్గుతుంది. ఆ సెల్ కళ్ళు చీకటికి అలవాటు పడినట్టు నింపాదిగా తేరుకుంటుంది, సగం దాకా 60 మిల్లీసెకండ్లలో వదిలేసి మిగతా సగం వదలడానికి కొన్ని సెకండ్లు తీసుకుంటుంది. ఇలాంటి నడక మామూలు కంప్రెసర్‌లో అటాక్ (ఎంత త్వరగా పట్టాలి), రిలీజ్ (ఎంత త్వరగా వదలాలి) తిప్పి తెప్పించడం కష్టమే. అయితే ఈ ఒక్క బాక్సుకే నకళ్ళు బోలెడు ఉన్నాయి. లాజిక్ ప్రో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాంతో వచ్చే కంప్రెసర్‌లోనే ఏడు రకాలు ఉంటే వాటిలో వింటేజ్ ఆప్టో అనేది ఈ జాతిదే, అనలాగ్ అబ్సెషన్ అనే పేరుతో వచ్చే ప్లగిన్లు మొత్తం ఫ్రీ, వాటిలో ఇలాంటివి ఉన్నాయి. నకలుకీ నకలుకీ తేడా లేదా అంటే ఉంది, కానీ ఆ తేడా వల్ల నీ గొంతు బురదలోంచి బయటికి రాదు.

మాటల్లో మాట, 1176 అనే ఇంకో పాత కంప్రెసర్ నకళ్ళు వాడేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో, దాంట్లో అటాక్ నాబ్ ఉల్టా, 7 దగ్గర ఫాస్ట్, 1 దగ్గర స్లో. పైగా ఆ స్లో కూడా 800 మైక్రోసెకండ్లే, అంటే ఒక మిల్లీసెకండ్ కూడా కాదు. ఇది తెలీక "ఈ ప్లగిన్ డ్రమ్స్‌ని చంపేస్తోంది, వేరేది కొనాలి" అని నాకు రాసినవాళ్ళున్నారు.

డబ్బు నిజంగా పనిచేసే ఇంకో చోటు సాచురేషన్, క్లిప్పింగ్ లాంటివి, అంటే సౌండ్‌ని కావాలని కాస్త చెడగొట్టేవి. ఇవి కొత్త హార్మోనిక్స్ (అసలు సౌండ్‌కి రెండు రెట్లు, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలు) పుట్టిస్తాయి. 44.1లో నువ్వు 22.05 కిలోహెర్ట్జ్ దాటిన సౌండ్ దాచలేవు, 10 కిలోహెర్ట్జ్ సౌండ్‌కి మూడో హార్మోనిక్ 30 దగ్గర పుడితే దానికి చోటు లేక వెనక్కి మడుచుకుని 14.1 దగ్గర దిగుతుంది, ఆ స్వరానికి దీనికి ఏ సంబంధమూ లేదు కాబట్టి చెవికి గరుగ్గా తగులుతుంది. మంచి ప్లగిన్లు లోపల ఓవర్‌శాంప్లింగ్ చేసి, అంటే ఇంకా ఎక్కువ రేటులో లెక్క చేసి, దీన్ని ఆపుతాయి, కొన్ని ఫ్రీవి ఆపవు. కానీ ఇక్కడ కూడా ఫ్రీలో దారి లేకపోలేదు, రీపర్‌లో ఏ ప్లగిన్‌కైనా విడిగా ఓవర్‌శాంప్లింగ్ పెట్టుకోవచ్చు.

సరే, అసలు నీ రోగం ఏంటి? బురద. నువ్వు చెప్పిన లక్షణాలు బట్టి నాకు అనుమానం ప్లగిన్ల మీద కాదు, నువ్వు కూర్చునే గది మీద. ఎదురెదురు గోడల మధ్య 3.4 మీటర్లు ఉందనుకో, 50 హెర్ట్జ్ చుట్టుపక్కల గది మోగుతుంది, తమాషా ఏంటంటే గోడ దగ్గర అది దడదడలాడుతుంది, సరిగ్గా మధ్యలో అసలు వినపడదు. ఎదుటి గోడకీ వెనక గోడకీ సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకున్నావంటే బేస్ చాలట్లేదు అనుకుని పెంచుతావు, ఆ పాట కారులో వేస్తే తలుపులు అదురుతాయి. ఇలాంటి గదిలో కూర్చుని ఎంత గొప్ప ఈక్యూతో ఎంత సర్దినా నువ్వు సర్దేది పాటని కాదు, గదిని. ముందు కుర్చీ మధ్యలోంచి జరుపు, ఎదుటి గోడ నుంచి గది పొడుగులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ దూరంలో మొదలుపెట్టి అటూ ఇటూ జరిపి విను, స్పీకర్ నుంచి సౌండ్ పక్క గోడకి తగిలి నీ దగ్గరికి వచ్చే చోట మందపాటి ప్యానెల్ పెట్టు, ఒక పది సెంటీమీటర్లు మందం ఉండేది. గుడ్ల అట్టలు అంటించి బేస్ తగ్గింది అనేవాళ్ళ మాట వినకు, వాటికీ బేస్‌కీ సంబంధం లేదు. ఇది కుదరకపోతే మంచి హెడ్‌ఫోన్లలో మిక్స్ చేసి స్పీకర్లలో ఒకసారి చూసుకోవడం నయం.

గొంతు సంగతి. పాటలో ఒక పదం గట్టిగా ఒక పదం మెల్లగా ఉంటే కంప్రెసర్ ఒక్కదాని మీదే భారం వేస్తే అది ఎగశ్వాస తీస్తుంది, ముందు వాల్యూమ్ ఆటోమేషన్‌తో పదం పదం చేత్తో సర్దు, బోరే కానీ చెయ్. తర్వాత రెండు కంప్రెసర్లు వరసగా, ఒక్కోటి 3 డీబీకి మించి లాగకుండా. ఇంకా బురదగా ఉంటే గొంతుని ముట్టుకోకుండా గిటార్‌లో, కీబోర్డ్‌లో 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డీబీ తగ్గించి చూడు, ముందుకి రావాల్సింది గొంతు అయినా పక్కకి తప్పుకోవాల్సింది మిగతావాళ్ళు. నీకు నచ్చిన పాట ఒకటి తెచ్చి సెషన్‌లో (నీ మిక్స్ ఫైల్‌లో) పెట్టుకో, దాని లెవెల్ తగ్గించి నీ పాటతో సమానం చెయ్, ఇది మర్చిపోతే పోలిక దండగ, ఎందుకంటే అది మాస్టర్ అయిన, అంటే విడుదలకి చివరి మెరుగు పెట్టిన పాట, ఎప్పుడూ నీదాని కంటే లౌడ్‌గానే ఉంటుంది.

ఇవన్నీ చేసి ఒక ఆరు పాటలు పూర్తిచేశాక, "ఈ ఒక్క పని నా దగ్గరున్న వాటితో అవట్లేదు" అని వేలు పెట్టి చూపించగలిగితే అప్పుడు ఆ ఒక్క ప్లగిన్ కొను, బండిల్ కాదు. బండిల్‌లో నలభై ఉంటే వాడేవి నాలుగు, ఇది నా అనుభవం. ఈలోపు ఆ పైసలు నీ దగ్గరే ఉంటాయి, సేల్ మళ్ళీ వస్తుంది, కొన్ని కంపెనీలకైతే సేల్ లేని వారమే ఉండదు.

ప్రశ్న: సార్, మీరు ఫ్రీవి చాలు అంటూ ఉంటారు. నేను డబ్బులు తీసుకుని వేరేవాళ్ళ పాటలు మిక్స్ చేస్తాను. నాకు తెలిసిన ఇంజనీర్లందరి దగ్గరా ఖరీదైనవే ఉన్నాయి. వాళ్ళందరూ తెలివితక్కువ వాళ్ళా?

జవాబు: కాదండీ, వాళ్ళు కొనేది సౌండ్ కాదు, టైము. మీరు కూడా కొనండి, నేను కాదనను. పైన ఆ అబ్బాయికి చెప్పింది మీకు చెప్పట్లేదు.

ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ తీసుకోండి. అది తీసే సౌండ్ చాలావరకు ఫ్రీ ఈక్యూలతో తీయొచ్చు, టోక్యో డాన్ వాళ్ళ నోవా అనే డైనమిక్ ఈక్యూ (ఆ ఫ్రీక్వెన్సీ ఎక్కువైనప్పుడే తగ్గించేది) ఫ్రీనే, చాలా మంచిది. కానీ ప్రో-క్యూలో ఒక చుక్క పట్టుకుని లాగితే పని అయిపోతుంది, గోల చేస్తున్న ఫ్రీక్వెన్సీని కళ్ళముందు చూపిస్తుంది, ఆ ఒక్క బ్యాండ్‌ని విడిగా వినొచ్చు, కావాలంటే అదే బ్యాండ్‌ని స్టీరియోలో మధ్యకి మాత్రమే పరిమితం చెయ్యొచ్చు. ఒక్కో ట్రాక్‌కి రెండు నిమిషాలు మిగిలితే, అరవై ట్రాకుల పాటకి రెండు గంటలు మిగిలినట్టు, ఆ రెండు గంటలకి మీకు ఎంత వస్తుందో మీకు తెలుసు, ప్లగిన్ ధర దాంతో భాగించుకోండి చాలు. ఇంట్లో సరదాకి చేసుకునేవాడికి ఈ లెక్క వర్తించదు, వాడి రెండు గంటలు వాడి సరదాలోవే.

కొన్ని పనులకైతే ఫ్రీలో సరైన బదులే లేదు. రికార్డింగ్ మధ్యలో కుర్చీ కిర్రుమంటే ఆ కిర్రుని మాత్రం బొమ్మలో మరక తుడిచినట్టు తుడవాలంటే ఐజోటోప్ ఆర్‌ఎక్స్ లాంటిది కావాలి. శ్రుతి సర్దడానికి మెలోడైన్. 2009లో వాళ్ళు తెచ్చిన డీఎన్‌ఏ అనే పద్ధతితో రికార్డ్ అయిపోయిన గిటార్ కార్డ్‌లోంచి ఒక్క తీగ స్వరాన్ని విడిగా పట్టుకుని జరపొచ్చు, మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు. 1997లో ఆటో-ట్యూన్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలోకి ధ్వని తరంగాలు పంపి చమురు ఎక్కడుందో కనిపెట్టే లెక్కల్లో పనిచేసినాయన. అలాంటి బుర్ర పెట్టి చేసిన పనికి డబ్బివ్వడం న్యాయమే కదా, పైగా మీరు వాడే రోజు అది క్లయింట్ ముందు మీ పరువు కాపాడుతుంది.

ఇంకో కారణం ఉంది, ఎవరూ పైకి చెప్పరు. వేరే స్టూడియో నుంచి సెషన్ వచ్చిందనుకోండి, అందులో వాళ్ళు వాడిన ప్లగిన్లు మీ దగ్గర లేకపోతే ఆ పాట సగం ఖాళీగా తెరుచుకుంటుంది. అందరి దగ్గరా ఉన్నవే మీ దగ్గరా ఉండాల్సి రావడం సౌండ్ గొడవ కాదు, వ్యాపారం.

రివర్బ్‌లో (హాల్లో పాడినట్టు ప్రతిధ్వని కలిపేది) మాత్రం నాకు కొంచెం పక్షపాతం ఉందని ఒప్పుకుంటా. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రివర్బ్‌లు చాలాసార్లు రేకు డబ్బాలో పాడినట్టు ఉంటాయి, పైన చెప్పిన నల్ టెస్ట్ కూడా ఇక్కడ పనికిరాదు, లోపల అంతా కదులుతూ ఉంటుంది కాబట్టి. కానీ మంచి రివర్బ్ అంటే ఖరీదైనదే అవ్వాలని లేదు, వల్హల్లా వాళ్ళవి ఏళ్ళ తరబడి 50 డాలర్ల ప్లగిన్లే, సేల్ హడావుడి కూడా పెట్టరు, సూపర్‌మాసివ్ అనేదైతే మొత్తం ఫ్రీ. పేరున్న పాటల్లో వినపడేవి కూడా ఇలాంటి ధరవి ఉంటాయని తెలిసినప్పుడు నాకు నా పాత బిల్లులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ప్రశ్న: ఒకేసారి కొనేయడం మంచిదా, నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ మంచిదా? సబ్‌స్క్రిప్షన్‌లో అయితే వందల ప్లగిన్లు వస్తున్నాయి కదా.

జవాబు: వందల ప్లగిన్లు వస్తాయి, అదే దాంతో ఇబ్బంది. ఈరోజు ఏది వాడాలా అని చూసుకోవడంతోనే సాయంత్రం అయిపోతుంది. ఒక పెద్ద ప్రాజెక్ట్ రెండు నెలలు ఉండి, దానికి ఫలానా టూల్స్ కావాలంటే సబ్‌స్క్రిప్షన్ తీసుకుని పని అయ్యాక ఆపెయ్యండి, అది తెలివైన వాడకం. ఏళ్ళ తరబడి కడుతూ పోతే ఆపిన రోజు మీ పాత పాటలు తెరుచుకోవు, అంటే మీ పాటలకి మీరే అద్దె కడుతున్నట్టు. ఆపే ముందు ప్రతి ట్రాక్‌నీ ప్లగిన్లతో సహా ఆడియోగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవడం మర్చిపోకండి.

కొనేస్తే బాధలేదా అంటే ఉంది. నేను ఒకప్పుడు ఒక కంపెనీ బండిల్ ఎంతో పెట్టి కొన్నా, పేరు ఎందుకులెండి. కొత్త కంప్యూటర్‌కి మారగానే పాత వెర్షన్ నడవదు, అప్‌డేట్ కావాలంటే మళ్ళీ కట్టు అన్నారు. కట్టా. రెండేళ్ళకి మళ్ళీ అదే పాట. మూడోసారి కట్టకుండా వదిలేశా, దాంతో ఆ రోజుల్లో మిక్స్ చేసిన ఓ పది పాటలు ఇప్పటికీ పాత ల్యాప్‌టాప్‌లోనే బతుకుతున్నాయి, దాని బ్యాటరీ ఉబ్బిపోయి మూత కూడా పడట్లేదు, పారేద్దామంటే పాటలు అందులో. 2019లో మ్యాక్‌ఓఎస్ క్యాటలినా వచ్చినప్పుడు 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఆగిపోయాయి, 2020 నుంచి యాపిల్ సొంత చిప్‌లకి మారినప్పుడు ఇంకో విడత తిప్పలు. కాబట్టి కొనే ముందు ధర కంటే ముందు చూడాల్సింది అప్‌డేట్లకి విడిగా డబ్బు అడుగుతారా, లైసెన్స్ వేరేవాళ్ళకి బదిలీ చెయ్యొచ్చా, ఐలాక్ లాంటి తాళం కావాలా, ఎన్ని కంప్యూటర్లలో వాడొచ్చు అనేవి. యూనివర్సల్ ఆడియో వాళ్ళ ప్లగిన్లు చాలా ఏళ్ళు వాళ్ళ సొంత హార్డ్‌వేర్ తగిలిస్తేనే నడిచేవి, 2022 నుంచే మామూలు కంప్యూటర్ మీద సొంతంగా నడిచేవి ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ప్లగిన్ ధర అంటే పెట్టె ధర కూడా కలుపుకుని చూసుకోవాల్సి వచ్చేది.

కొనేవాళ్ళు ఊరుకోకపోతే కంపెనీలు వింటాయని కూడా చెప్పాలి. 2023 మార్చిలో వేవ్స్ వాళ్ళు ఇకమీదట విడిగా అమ్మం, అంతా సబ్‌స్క్రిప్షనే అని ప్రకటించారు, ప్రపంచమంతా తిట్టిపోసేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గి మళ్ళీ అమ్మకం పెట్టారు.

ప్రశ్న: క్రాక్ చేసినవి వాడి బాగా అనిపిస్తే తర్వాత కొంటాను. తప్పా?

జవాబు: డెమో అనేది అందుకే ఉందయ్యా. ముప్పై రోజులో పద్నాలుగు రోజులో ఇస్తారు, రీపర్ అయితే మొత్తం సాఫ్ట్‌వేర్‌నే 60 రోజులు చూసుకోమంటుంది. క్రాక్‌తో వచ్చే వైరస్ సంగతి, డెడ్‌లైన్ ముందు రోజు రాత్రి సెషన్ క్రాష్ అయ్యే సంగతి అటుంచు, నిజం చెప్పనా, క్రాక్ వాడేవాళ్ళ దగ్గర రెండు వందల ప్లగిన్లు ఉంటాయి, ఒక్కటీ పూర్తిగా రాదు. "తర్వాత కొంటా" అని చివరికి కొన్నవాడిని నేనైతే ఇంకా చూడలేదు.

ప్రశ్న: నమస్తే అండి. నేను పాటలు కాదు, పిల్లల కథలు చదివి రికార్డ్ చేస్తాను. వెనక ఫ్యాన్ హోరు, స, ష పలికినప్పుడు చెవిలో గుచ్చుకోవడం ఉన్నాయి. గొంతు శుభ్రం చేసే ప్లగిన్ ఒకటి చూశాను, ధర చూసి గుండె ఆగింది. కొనక తప్పదా?

జవాబు: తప్పుతుందమ్మా, కంగారు పడకండి. చదివే ఆ ఇరవై నిమిషాలు ఫ్యాన్ ఆపేయండి, అంతకంటే మంచి ప్లగిన్ ఇంకా రాలేదు. ఆపలేని హోరు అయితే మైక్‌ని నోటికి దగ్గరగా తెచ్చుకోండి, దూరం సగానికి తగ్గిస్తే మీ గొంతు దాదాపు 6 డీబీ పెరుగుతుంది, హోరు మాత్రం అంతే ఉంటుంది, అంటే పైసా ఖర్చు లేకుండా హోరు అంత మేర తగ్గినట్టే. మరీ దగ్గరైతే గొంతు బరువుగా వస్తుంది, ప, బ లాంటివి పేలుతాయి, ఒక జానెడు దూరం బాగుంటుంది.

గుచ్చుకోవడానికి మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి తిప్పి పెట్టండి, సగం తగ్గిపోతుంది. మిగిలినదానికి మీ సాఫ్ట్‌వేర్‌లో డీఎస్సర్ (స, ష గుచ్చుడు తగ్గించేది) ఉంటే అది, లేకపోతే పైన చెప్పిన నోవాలో 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య మీ గొంతు ఎక్కడ గుచ్చుతుందో వెతికి ఆ బ్యాండ్‌ని డైనమిక్‌గా పెట్టుకోండి. కింద 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కిందివి కోసేసేది) వేస్తే నేల అదురు, బల్ల చప్పుడు పోతాయి. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ కూడా ఫ్రీనే, చదవడం మొదలుపెట్టే ముందు ఒక ఐదు సెకండ్లు ఊరికే మౌనంగా రికార్డ్ చేసి దానికి ఆ హోరు చూపించాలి, తర్వాత కొద్దిగానే తగ్గించండి, అంతా తుడిచెయ్యాలని చూస్తే గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు అవుతుంది. మీరు చూసిన ఆ ప్లగిన్ మంచిదే అయుండొచ్చు, కానీ అలాంటివాటి అసలు విలువ మళ్ళీ రికార్డ్ చెయ్యడం కుదరని వాటికి. పోయినవాళ్ళ గొంతు ఉన్న పాత క్యాసెట్ శుభ్రం చెయ్యాలంటే ఎంతైనా పెట్టండి. కథ అయితే రేపు పొద్దున్న ఇంకోసారి చదువుకోవచ్చు కదా.

ప్రశ్న: పాత మెషీన్ బొమ్మ ఉండే ప్లగిన్లు, చెక్క అంచులు, ఊగే ముల్లు ఉండేవి, వాటి సౌండ్ నిజంగానే వెచ్చగా ఉంటుందని నాకనిపిస్తుంది. భ్రమేనా?

జవాబు: సగం నిజం. కొన్నిట్లో మీరు ఏ నాబూ తిప్పకపోయినా కాస్త డిస్టార్షన్, పైన కొంచెం తగ్గుదల కలిపి పెడతారు, అదే మీకు వెచ్చదనం. మిగతా సగం ఆ చెక్కే. క్రిస్ జాన్సన్ అనే ఆయన ఎయిర్‌విండోస్ పేరుతో కొన్ని వందల ప్లగిన్లు ఫ్రీగా, ఓపెన్ సోర్స్‌గా పంచుతాడు, ఎక్కువవాటికి బొమ్మ లేదు, మీటర్ లేదు, ఉత్త స్లైడర్లు. వాటిలో టేప్ లాంటిదొకటి, మీ చెక్క అంచులదొకటి ఒకే ట్రాక్ మీద పెట్టి, లెవెల్ సమానం చేసి, స్క్రీన్ ఆపేసి ఎవరినైనా మార్చి మార్చి వినిపించమనండి. మీకు చెక్కదే నచ్చితే నిరభ్యంతరంగా కొనుక్కోండి. నేను చేసినప్పుడు నాకు నచ్చింది బైపాస్.